పన్నెండో మిక్స్

సూళ్ళూరుపేట లోకల్ అత్తిపట్టు దాటుతుంటే
కిటికీ ఊచ మీద వేలు రాస్తాను.
కొనకి అంటుకునేది
నా పరిశోధనాంశం.

పొగగొట్టాల కింద
రాత్రంతా ఎవరి ఫ్యానో తిప్పడానికి కాలిన బొగ్గు
తెల్లారాక మిగిల్చిన పిండి.

ఆ బూడిదనే బస్తాల్లో తెప్పించుకుంటాం.
ముందురోజు సోడా బిళ్ళలు నీళ్ళలో వేస్తే
బకెట్టు జ్వరమొచ్చిన బిడ్డ ఒళ్ళులా కాగుతుంది.
గ్లౌజు చిరిగితే చర్మం సబ్బులా జారుతుంది.
సిమెంటు లేని కాంక్రీటు.
సున్నపురాయిని కాల్చక్కర్లేదు,
అని సినాప్సిస్ మొదటి పేజీలో రాశాను.
కంకర కోసం కొండని తవ్వాల్సిందేనని
మూడో పేజీలో, కాస్త చిన్న అక్షరాల్లో.

మునిరత్నం గారు ఏ పేజీ చదవరు.
ఈ ల్యాబులో ఆయనకిది ముప్ఫై ఒకటో ఏడు.
చిటికెడు బూడిద వేళ్ళ మధ్య నలిపి
"తడిసుండాది పాపా, లారీ మీద పట్టా కప్పలా" అంటారు.
నలభై నిమిషాల తర్వాత
తేమ కొలిచే యంత్రం
అదే మాట అంకెల్లో చెబుతుంది.

జానెడుకి కాస్త తక్కువ, నాలుగు పలకలా సమానం,
ఒక్కో క్యూబూ ఎనిమిది కిలోలు.
ఎర్ర పెయింటుతో తారీకు, మిక్స్ నంబరు రాస్తాం,
బడికి పంపేముందు బొట్టు పెట్టినట్టు.
నలగ్గొట్టడానికే కదా పెంచుతున్నాం:
ఏడో రోజు కొన్ని,
ఇరవై ఎనిమిదో రోజు మిగతావి.

ఆ రోజు యంత్రం గొణుగుతుంది, ముల్లు ఎక్కుతుంది,
రేకు తలుపు వెనక నేను ఊపిరి బిగబడతాను.
ఠప్.
నడుము సన్నబడి డమరుకంలా మిగిలితే మంచి చావు.
ఒక పక్కే పెచ్చులూడితే
తప్పు నాదో, అచ్చుదో, ఆ పొద్దుదో.

నవంబరులో పన్నెండో మిక్స్ చెడింది.
అచ్చుల బోల్టులు వదులై
ఆరు క్యూబులూ వంకర తిరిగాయి.
కుముదిని మేడం గుణితం ఆనించి చూసి
"ఇవి లెక్కలోకి రావు" అన్నారు.
పేజీకి అడ్డంగా గీత కొట్టాను.
"పారేస్తావా పాపా?"
"పారేస్తా సార్."
ఆ సాయంత్రం నుంచీ మూడు రోజులు
ఆయన పాత స్కూటరు కాస్త ఒరిగి నడిచింది.

డిసెంబరు వాన.
బేసిన్ బ్రిడ్జి దగ్గర రైలు ఆగి, ఇక కదల్లేదు.
ఫోను చేస్తే గొడుగుతో ఎదురొచ్చారు.
వ్యాసర్పాడిలో ఆయన ఇంట్లో
నీళ్ళు పిక్కల కిందిదాకా.
మంచం మీద ఆయన భార్య, బియ్యం బస్తా, కుట్టుమిషను,
ఎనిమిదో ఎక్కం తప్పు చెబుతున్న మనవరాలు.
మంచం కోళ్ళ కింద నాలుగు,
గ్యాస్ సిలిండరు కింద రెండు.
నీళ్ళ అంచున, తలకిందులుగా,
నా చేతిరాత.

తెలియకుండానే లెక్క కట్టాను.
ఒక్కో దాని మీద ముప్పావు క్వింటా.
తొంభై టన్నులు మోస్తాయని ఆశపడి
ఒక్క కేజీ కూడా అడక్కుండా
గీత కొట్టేసినవి.

"మూడు రాత్రులుగా నానతా ఉండాయి, మెత్తబళ్ళా.
రాసుకో" అన్నారు టీ గ్లాసు అందిస్తూ.
వేళ్ళ మీద లెక్కపెట్టాను.
ఇరవై ఎనిమిది దాటిపోయింది.
ముప్ఫై మూడో రోజు.

రైళ్ళు మొదలయ్యాక, ఎన్నూరు దగ్గర,
ఒళ్ళో నోటుబుక్కు తెరిచి
కొట్టేసిన పేజీ అడుగున పెన్సిలుతో రాశాను:
వాన నీరు. మంచం. ముగ్గురు. కూలలేదు.
'యూనిట్లు' అన్న గడి దగ్గర
పెన్సిలు ఆగిపోయింది.

సోమవారం
అచ్చు బోల్టులు ఒక్కొక్కటే బిగిస్తూ
మునిరత్నం గారు తలెత్తకుండా అడిగారు:
"ఇంకో నాలుగు వంకరవి రాకపోతాయా పాపా,
బీరువాకి?"