అయత్నసిద్ధ స్వాస్థ్యం

హుజూర్‌నగర్ రోడ్డు మిల్లు సైరన్
ఐదున్నరకు కూస్తది.
నాయిన హమాలి పని ఇడిసిపెట్టి మూడేండ్లు.
అయినా కూసిందంటే
నిద్రల్నే ఆయన కుడిచెయ్యి లేస్తది.
దండెం మీది రుమాలు కోసం
మూడు వేళ్ళతోని
గాలిని పట్టుకుంటది.

అప్పటికే నేను లేచి
టెట్ పుస్తకం ముందేసుకుని ఉంట.
పుస్తకంల ఒక కుక్క, దాని ముంగట గంట.
గంట కొడితే తిండి,
కొన్నాళ్ళకు తిండి లేకున్నా చొంగ.
దీన్ని నిబంధనం అంటరట.
పెన్సిల్‌తో గీత గీసి
నాయిన దిక్కు చూడొద్దనుకుంట.
చూస్త.

కుక్కకు ఎన్నిసార్లు గంట కొట్టిన్రో రాయలె.
నాయినకు ఇరవై ఆరేండ్లు కొట్టిన్రు.

బస్తాకొక ఇత్తడి బిళ్ళ.
పొద్దుగూకినంక బిళ్ళలు లెక్కవెట్టి పైసలు.
ఒక్కోనాడు ఇచ్చేది, ఒక్కోనాడు
"శనివారం సూద్దాం తీయ్."
సోమనర్సయ్య సార్ కోచింగుల చెప్పిండు:
ప్రతిసారి ఇచ్చే పునర్బలనం కంటె
అప్పుడప్పుడు ఇచ్చేదే
మనిషిల లోతుకు పాతుకపోతదని.
నేను నోట్సుల రాసుకున్న.
మిల్లు మునీమ్‌కు ఏ సారూ చెప్పలే.
ఆయనకు ముందే ఎర్క.

ఇంకోనాడు సార్ బోర్డు మీద త్రిభుజం గీసిండు.
అడుగున ఆకలి, దప్పి.
దాని మీద భద్రత. ఆ మీద ప్రేమ, గౌరవం.
కొన మీద, తన్ను తాను నెరవేర్చుకునుడు.
ఇంటికొచ్చి నాయినకు చూపెట్టిన.
చదువు రాని మనిషి
ఆ బొమ్మను చానసేపు చూసిండు.
"ఇది బస్తాల నెట్టే గదనే," అన్నడు.
"కింది వరుస సక్కగ పడకుంటే మీదిది కూలుతది, నిజమే.
కని కొసాకరి బస్తా ఏసేటోడు
కిందియన్ని తొక్కుకుంట ఎక్కాలె.
వాడు పొద్దుగాల ఏం తిన్నడో రాసిన్రా?"

రాయలె, నాయినా.

చిటికెన వేలు, దాని పక్క వేలు
ఎలివేటర్ బెల్టు తీస్కపోయింది.
జట్టోళ్ళు వడ్లల్ల, తవుడుల దేవులాడిన్రు.
దొర్కలె.
ఆ లేని వేళ్ళే రాత్రిళ్ళు గుంజుతయి,
ఎవరో మెలివెట్టినట్టు.
నల్లగొండ పెద్దదవాఖాన డాక్టరు
"నొప్పి చేతుల లేదు మట్టయ్యా,
నీ మెదడుల ఉంది" అన్నడు.
అమ్మ ఇంటికొచ్చి
వారం దినాలు నాయిన తలకు
నువ్వుల నూనె రాసింది.

పాఠం ఆఖరుకు విలుప్తీకరణం.
గంట మోగుతనే ఉండి తిండి రాకుంటే
కుక్క మెల్లమెల్లగ మర్చిపోతదంట.
మూడేండ్లాయె మోగవట్టి.
తప్పు పుస్తకానిదో, నాయినదో.

మొన్న వానకాలం
ఓనరు కొడుకుల పంపకాల పంచాది వెట్టి
మిల్లుకు తాళం వడ్డది.
నలభై దినాలు సైరన్ లేదు.
నాయిన ఏడుదాక పన్నడు.
చెయ్యి లేవలె.
అమ్మ గుసగుస చెప్పింది, తగ్గిందే అని.
నేను సుత నమ్మిన.

నలభై ఒకటోనాడు పొద్దుగాల కొత్త సైరన్,
కొత్త గొంతు, జర సన్నగ.
చెయ్యి లేచింది.

తర్వాతి పేజీల దానికీ పేరుంది.
అయత్నసిద్ధ స్వాస్థ్యం.
పోయిందనుకున్నది ఏ ప్రయత్నం లేకుండ మళ్ళొచ్చుడు.
స్వాస్థ్యమంటె ఆరోగ్యమని
బళ్ళె నేర్పిన్రు నాకు.
ఈడ ఎందుకు వెట్టిన్రో
సార్‌ను అడుగుదామని అడగలె.
ఒక మార్కు ప్రశ్న, అంతే.

నిన్న రాత్రి రెండింటికి మూలుగు.
లైటు వెయ్యకుంట పోయి పక్కన కూసున్న.
చెయ్యి దొర్కవట్టుకుని
వేళ్ళు ఉండాల్సిన కాడ
ఉట్టి గాలిని ఒత్తిన,
ఒక్కో కణుపు అందాజుగ,
ఎవరన్న చూస్తే నవ్వుతరని
ఒకసారి తలుపు దిక్కు చూసి.

నాయిన కండ్లు తెరవలె.
"ఇంకొంచెం మీదికి" అన్నడు.