వెనుక రాసిచ్చిన చిల్లర

రెండో ఆదివారం డ్యూటీ మార్చుకున్న.
డిపోల అడిగితే పెండ్లి ఉన్నదని చెప్పిన.
నవల గురించి మాట్లాడనీకి పోతున్ననంటే
కంట్రోలర్ సారు రెండుసార్లు నవ్వుతడు,
ఒకసారి నా ముందర, ఒకసారి నేను పోయినంక.

కిషన్‌పురల జిరాక్స్ షాపు మీద గది.
మెట్ల మీద చెప్పులు పన్నెండు జతలు.
లెక్కపెట్టుడు అలవాటు, ఏంజేయ.
లోపల కొత్తవాడ జంపఖానా పరిచిండు ఓదేలన్న,
తన మగ్గం మీద నేసిందే.
అందరి పుస్తకాలల్ల పెన్సిల్ గీతలు,
నా పుస్తకంల టికెట్ ముక్కలు:
ఊరుగొండ, ఆత్మకూరు, పరకాల,
యాడ విజిల్ కొడితే ఆడ పెట్టిన గుర్తులు.
ఈ నవల నేను ఒక్క కాడ కూసోని చదువలే.
హన్మకొండ బస్టాండుల పది నిమిషాలు,
పరకాలల చాయ్ సల్లారేదాంక,
ఆఖరి పేజీలు శాయంపేట నైట్ హాల్టుల
డ్రైవర్ గురక పక్కన, సెల్ లైటుకు.

వేదకుమార్ సారు మొదలువెట్టిండు.
ముప్పై ఏండ్లు పాఠం చెప్పిన గొంతు.
కథనం అన్నడు, అంతర్ముఖత్వం అన్నడు.
ఆ మాటలను నేను
పెద్దనోట్లు అందుకున్నట్టు అందుకున్న,
వెలుగుకు పట్టి చూసి.

నూట పన్నెండో పేజీ కాడ అందరు ఆగిన్రు.
ఆడ ఆమె ఇల్లు విడిచి బస్సెక్కుతది.
వంద నోటిచ్చి టికెట్ తీసుకుంటది,
చిల్లర తీసుకోకుంటనే ఊరుగాని ఊర్ల దిగుతది.
నవల ఒడిసేదాంక ఆ చిల్లర ముచ్చట మల్ల రాదు.

అది స్వేచ్ఛ, అన్నది నౌషీన్.
ఫార్మసీ చదివే పిల్ల, మాట ఉరుకుతది:
"లెక్కలల్ల బతికిన మనిషి లెక్క వదిలేసింది!"
కాదు విరక్తి, అన్నడు సారు.
ఎవరో రుణం అన్నరు, ఎవరో గతం అన్నరు.
"రాసినాయన మర్చిపోయిండేమో,
మేము గూడ ఒక్కోపారి పోగు మర్చిపోతం,"
అన్నడు ఓదేలన్న.
అందరు నవ్విన్రు. ఆయన నవ్వలే.

నా వంతు వచ్చింది.
నూరు మంది మీద కేకేసే గొంతు
పన్నెండు మంది నడుమ ఎండుకపోయింది.

చెప్పిన:
పొద్దుగాల ట్రిప్పుల వంద నోటిస్తే మా కాడ చిల్లర ఉండదు సార్.
టికెట్ వెనుక రాసిస్తం, అరవై రెండు, కింద గీత.
దిగేటప్పుడు అడిగి తీసుకోవాలె.
తీసుకోకుంట దిగినోల్లను మస్తు మందిని చూసిన,
ఒక్కలు గూడ స్వేచ్ఛ కోసం దిగలే.
దవాఖానకు ఉరికేటోల్లు,
నిద్రల ఉలిక్కిపడి లేసినోల్లు,
ఫోన్ల చావు కబురు విన్నోల్లు.
పది అడుగులు నడిసినంక యాదికొస్తది,
చెయ్యి ఊపుకుంట ఎంబడి ఉరుకుతరు,
బస్సు అప్పటికే గేరు మార్చి ఉంటది.

ఆమె గూడ ఉరికే ఉంటది.
ఆ ముక్క పుస్తకంల లేదు.
టికెట్ ఇంకా ఆమె చేతులనే ఉన్నది గదా,
నా అసొంటి కండక్టర్ చేతిరాత ఉన్నది గదా దాని వెనుక.
అంత పెద్ద పుస్తకంల
ఆమెకు ఎవరన్న బాకీ ఉన్నరని చెప్పే కాయితం
అదొక్కటే.

కొంచెంసేపు ఫ్యాను సప్పుడే ఇనవడ్డది.
నౌషీన్ మెల్లగ అడిగింది:
"ఇప్పుడైతే ఆమెకు జీరో టికెట్ గదా, ఆంటీ?"

అవును బిడ్డా. వెనుక రాసేదేం ఉండదు.
కార్డు చూపిస్తే చాలు,
అని, అన్నంక ఆగిపోయిన.
కార్డు మీద అడ్రసు ఉంటది.
ఏ ఇల్లు విడిచి పోతున్నదో
ఆ ఇంటి నంబరే చూపియ్యాలె నాకు.
రోజుకు మూడు వందల కార్డులు చూస్త,
ఫొటో చూస్త, మొకం చూస్త.
అడ్రసు ఎన్నడు చదువలే.

సారు నూట పన్నెండో పేజీల ఏదో రాసుకున్నడు.
ఏం రాసిండో అడగబుద్ధయింది, అడగలే.

చాయ్ వచ్చింది, అల్లం ఎక్కువైంది.
వచ్చే నెల పుస్తకం చేతుల వెట్టిన్రు,
నాలుగు వందల పేజీలు.
తూకం చూసిన:
పరకాల రూట్ల ఇరవై ట్రిప్పులు,
ఆత్మకూరు కాడ గేటు పడ్డట్టు జాం అయితే
పద్దెనిమిది.