నష్టాల పద్దులో పసిరిక

రెన్మార్క్ దాటాక, ముర్రే నది ఒళ్ళు విరుచుకునే మలుపులో,
బాదం తోటల వెనక మెర్విన్ పెట్టెలు.
నూట పన్నెండు. తెల్ల రంగు, పైన ఎర్ర దుమ్ము.
బాదం పూత రాలి నెలన్నర.
ఈగలకిప్పుడు యూకలిప్టస్ తప్ప దిక్కులేదు.

అక్టోబరు మొదటి మంగళవారం
కరెంటు తీగ మీద ఏడు.
సోమవారం లేవు.

"వచ్చేశాయి దొంగముండలు" అన్నాడు మెర్విన్.
అంటే, ఆయన అన్న మాటకి
నా దగ్గరున్న తెలుగు అది.
టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని
పొగడబ్బాలో గోనెపీచు కుక్కాడు.

ఆయన భాషలో ఆ పిట్ట పేరే ఒక ఫిర్యాదు:
తేనెటీగల్ని తినేది.
తిండిని బట్టి పేరు పెట్టేస్తే
మెర్విన్‌ని మటన్‌చాప్ అని పిలవాలి,
నన్ను పెరుగన్నం.

గాలిలో ఒక గీత. చిటికేసినట్టు ముక్కు చప్పుడు.
తిరిగి తీగ మీదకే.
దొరికినదాన్ని అటొకటి ఇటొకటి బాది,
తోకవైపు తీగకేసి రుద్దుతుంది,
మాడిన గిన్నె తోమినంత శ్రద్ధగా,
విషం కారేదాకా, కళ్ళు మూసుకుని.
ఆ కళ్ళు మూసుకోవడం నాకు నచ్చింది.
గురువారం నా మణికట్టు మీద కుట్టినప్పుడు
మెర్విన్ కూడా అంతే,
గోటితో ముల్లు గీరేస్తూ
నా మొహం వైపు చూడలేదు.

కొండపిలో, పొగాకు బ్యారన్ వెనక,
ఆకు జిగురుకి నల్లబడ్డ చేతులు ఖాళీ లేక
మా అమ్మ గడ్డంతో చూపించింది:
"అదిగో, పసిరిక."
అంతే. ఏం తింటుందో చెప్పలేదు,
ఎవరికి నష్టమో చెప్పలేదు.
ఆకు నలిపితే వేలికంటే పసరు,
గాయం మీద పిండే పసరు,
ఆ రంగు ఎగిరిపోతుంటే పెట్టుకున్న పేరు.
ఇలాగని నేననుకుంటాను. నిఘంటువుని అడగలేదు.

ఇది ఆ పిట్ట కాదు, తెలుసు.
దీని గొంతు పసుపు, దాని కింద నల్ల పట్టీ,
నడుము మీద మా ఊళ్ళో లేనంత నీలం.
మేనత్త కూతురి వరస అవుతుంది.
చుట్టరికం పేరుతో పిలిస్తే తప్పేముంది?

నదికి అవతల మొక్కలు అమ్మే నోరీన్‌ని అడిగాను.
ఆమె వాళ్ళు ఈ ఒడ్డున
బాదానికీ మెర్విన్‌కీ ముందునుంచీ ఉన్నవాళ్ళు.
"మా నాయనమ్మకి తెలుసు దాని పేరు.
నా చెవిదాకా రాలేదు" అంది,
రేపు గాలి ఎక్కువ అన్నట్టే.
తరవాత నా కుండీకి డబ్బులు తీసుకోలేదు.

వస్తూ వస్తూ ఇసుక గట్టు దగ్గర ఆగాను.
బొరియలు, ఒక్కోటీ చెయ్యి పట్టేంత.
లోపల ఎంత లోతుందో, చీకట్లో ఏముందో.
చెయ్యి పెట్టి చూడబుద్ధయింది.
పెట్టలేదు.

సాయంత్రం షెడ్డులో పద్దుపుస్తకం నా పని.
తేదీ. పెట్టె నంబరు. ఫ్రేములు. నష్టం. కారణం.
కారణం గడిలో ఆయన ఫిర్యాదు రాయాలి.
చెయ్యి రాసింది వేరు:
పసిరికలు వచ్చాయి. ఏడు.

కళ్ళద్దాలు నుదుటి మీంచి దించాడు.
"ఏమిటివి, పురుగులా?"
నిజమే. మైనపు గదుల్లో ముడుచుకుని పడుకున్న
పిల్లపురుగుల్లాగే ఉన్నాయి నా అక్షరాలు,
తిన్నగా నిలబడ్డది ఒక్కటీ లేదు.
చదివి వినిపించాను.
"పాసిరీకా" అన్నాడు. ఇంకోసారి అన్నాడు.
"ఎవరో ఇటలీ పిల్ల పేరులా ఉంది.
నాతో డాన్సు చెయ్యనన్న పిల్ల."

కొట్టేయలేదు.
కిందనే, తన కొక్కిరాయి రాతలో,
పద్నాలుగో పెట్టె, రాణి లేదు
అని రాసి లైటు ఆర్పాడు.

పొద్దున తీగ మీద పదకొండు.