రెండే పెడళ్ళు

కిరునాలో నవంబరు మధ్యాహ్నం రెండింటికే దీపం వెలిగించాలి.
షెడ్డులో గొలుసుకు వేలాడుతూ పాత ఇంజిను
చుక్క చుక్కగా నూనె వదులుతోంది.
పక్కన బల్ల మీద కొత్తది.
కొత్తదంటే, దుప్పిని గుద్ది తుక్కైపోయిన
ఇంకో వోల్వోలోంచి విప్పుకొచ్చింది.
టర్బో ఉంది. నూట అరవై గుర్రాలు.

పాతదానికి డెబ్బై అయిదు.
"అందులో ముప్పై ఎప్పుడో చచ్చాయి" అంటాడు వాల్ఫ్రిడ్,
డబ్బా మీద కూర్చుని, పెట్టుడు కాలు చాపుకుని.

ముందే చెప్పాను:
ఇంత బలానికి ఆ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆగదు,
అరవై ఆరు నాటిది, మూడే గేర్లు,
నాలుగు వీధులు దాటేసరికి లోపలి పట్టీలు మాడిపోతాయి.
క్లచ్చు పెడతాను, చేత్తో మార్చుకో.
అనేశాక నాలుక కరుచుకున్నాను.
అతను తిట్టలేదు.
పెట్టుడు కాలి మీద వేళ్ళతో టకటకా కొట్టాడు,
లోపల ఎవరైనా ఉన్నారా అన్నట్టు.

డెబ్బై ఒకటిలో, గని అడుగున,
ఎడమ మోకాలి కింద అంతా ఖనిజం బండి పట్టుకుపోయింది.
కంపెనీ ఇచ్చిన డబ్బుతో
ఆసుపత్రి నుంచి ఇంటికైనా పోకుండా
ఈ అమెజాన్ కొన్నాడు. రెండే పెడళ్ళు.
"ఊరంతా అయ్యో అంటుంటే
ఇదొక్కటే, ఇంకో కాలేదీ అని అడగలేదు."

సరే. గేర్‌బాక్స్ విప్పాను.
పాత పేపరు పరిచి, దాని మీద
ఉంగరాలు, స్ప్రింగులు, చేపముల్లు లాంటి క్లిప్పులు.
కొత్త పట్టీలు వేశాను.
క్రాంకు చివర ఒకదానికి ఆరు బోల్టులు, ఒకదానికి ఎనిమిది;
పెళ్ళిళ్ళ పేరయ్యలా మధ్యలో దూరి
ఉక్కు పళ్ళెం ఒకటి తొలిచాను.
మూడోది కుదిరింది.

మొదటి రోజు రెండో గేరు
తలుపు బద్దలుకొట్టుకుని వచ్చినట్టు పడింది.
కొత్త ఇంజిను ఏమంటోందో పాత పెట్టెకు తెలీదు.
ఇద్దరి మధ్యా మాట మోసేది ఒక్క సన్నని కేబుల్.
సగం చుట్టు బిగించు, ఊరు చుట్టిరా.
పావు చుట్టు వదులు, మళ్ళీ పో.
తొమ్మిది రాత్రులు.

ఊరు అంటున్నాను గాని,
కింద గని తవ్వేకొద్దీ పైన ఊరినే జరుపుతున్నారు.
నిన్న తిరిగిన మలుపులో ఇవాళ కంచె.
వాల్ఫ్రిడ్ ప్రతిసారీ ఆ మలుపే తిప్పి,
ఆగి, రివర్సు వేసి,
ఎవర్నో ఫిన్నిష్‌లో తిట్టి వస్తాడు.

పదో రాత్రి, సున్నాకి ఇరవై రెండు డిగ్రీల కింద,
సరస్సు పక్కన తిన్నటి రోడ్డు.
తొక్కాడు.
రెండో గేరు ఎప్పుడు పడిందో
చెవులు రిక్కించి కూర్చున్నా తెలీలేదు.
మూడో దానికి మాత్రం కొంచెం తడబడింది,
గొంతు సవరించుకున్నట్టు.
"అది సరిచెయ్యకు" అన్నాడు.

అప్పుడు చూసుకున్నాను:
పక్క సీట్లో నేను, గేరు మారిన ప్రతిసారీ
లేని క్లచ్చును ఎడమ కాలితో తొక్కుతున్నాను.

అతనూ చూశాడు.
"చలేస్తోందా?" అన్నాడు.
హీటరు గొట్టాలు నేనింకా బిగించనే లేదు.