పావు తిప్పు

గ్రీమ్స్‌పేటలో టైర్ల అంగడికీ టీ బంకుకీ నడుమ
ఆరడుగుల సందు, ఖలందర్ సాయబు షెడ్డు.
మూడు నెలలుగా నా ట్రయంఫ్ బండి
అక్కడే పడుకోనుంది.
మదనపల్లెలో తూకమేసి కొన్నాను దాన్ని,
పాత ఇనుము ధరకి, కేజీల లెక్కన.

పాత కార్బరేటర్లు రెండూ విప్పి
కిరసనాయిలు డబ్బాలో వేశాడు.
లోపలి స్లైడు వేలితో కదిపితే
వదులైన మెట్టెలా ఆడింది.
"అరవై ఏండ్లు పైకీ కిందికీ తిరిగింది మేడమ్,
యింక దాన్ని తిట్టకూడదు."

కొత్త జత పుదుప్పేట నుంచి వచ్చింది
అరవ పేపర్లో చుట్టి, వేలూరు బస్సు డ్రైవరు సీటు కింద.
ఒక నెల జీతం, పై నెలలో సగం.
బండి పుట్టినప్పుడు దానికున్నవి ఇవి కావు.
బెంగుళూరు నుంచి చూడవచ్చిన ఒకాయన
"అసలువి కాకుంటే విలువ సగమే" అని
టీ తాగి పోయాడు.
గ్లాసు కడుగుతూ సాయబు అన్నాడు:
"ఆయప్ప కండ్లద్దాలు పుట్టినప్పటివేనా?"

కొత్తదే గానీ మూతి వంకర.
ఇంజనుకు ఆనే చోట వెంట్రుకంత సందు,
అందులోంచి దొంగగాలి.
గోడ మీది లైసెన్సు ఫ్రేము దించి
అద్దం ఊడదీసి, దాని మీద ఉప్పుకాగితం పరిచి
ఎనిమిది అంకె రాసినట్టు రుద్దమన్నాడు.
రుద్దాను. శనివారం మధ్యాహ్నమంతా,
మెరుపు అంచుల నుంచి నడిమికి పాకేదాకా.

సైకిలు అంగట్లో ఒకే కట్టలోంచి రెండు పుల్లలు తెచ్చి
రెండు స్లైడ్ల కింద ఇరికించాడు.
యాక్సిలరేటరు మెల్లగా తిప్పితే
రెండూ ఒకేసారి జారిపడాల.
పడవు.
ఒకటి తొందరపడేది, ఇంకోటి మొండికేసేది.
కేబుల్ కొనలు దారమంత, దారంలో సగమంత
బిగిస్తూ, వదులుతూ.
ఆయన నమాజుకి పోయి వచ్చినాక
రెండూ ఒకే టక్కుతో సిమెంటు మీద పడ్డాయి.

ఇరవై ఏళ్ళుగా ఇంటర్ పిల్లలకి చెబుతున్నాను:
ఇరుకులో గాలి వేగం పెరుగును, పీడనం తగ్గును.
నడుము సన్నని గొట్టం గీసి, బాణాలు వేసి,
నాలుగు మార్కులు.
ఆ గాలి ఏ పూటా చప్పుడు చేయలేదు.

నాలుగో కిక్కుకి బండి లేచింది.
సాయబు ఎడమ చెవిని
ఎప్పుడో రైసుమిల్లు తీసేసుకుంది.
రబ్బరు గొట్టం ఒక కొన నా చెవిలో పెట్టి
ఇంకో కొన ఎడమ కార్బరేటరు నోటి దగ్గర పట్టి
"కుడిది నేను యింటా, ఎడమది నువ్వు యిను.
గమ్మున యిను, లెక్కలేసుకోవద్దు."

ఇసుక మీద చాప ఈడ్చినట్టు.
నేను గీసిన బాణాలన్నీ
ఒక్కసారిగా చెవిలో దూరాయి.

"నీది యెట్లుంది?"
"బరువుగా ఉంది."
"అయితే రొవంత బయటికి."
స్క్రూడ్రైవరు నా చేతిలోనే. పావు తిప్పు.
"ఇప్పుడు?"
ఆ పావులో సగం.
ఇద్దరం ఒకేసారి తలెత్తాము.

ఆయన మాట్లాడకుండా వెనక్కి పోయి
రెండు సైలెన్సర్ల వెనక రెండు అరచేతులు పెట్టాడు.
టీ బంకు పిల్లాడు అడిగాడు,
"తాతకి చలేస్తా వుందా?"

మురకంబట్టు దాకా నడిపాను.
మామిడికాయల లారీని దాటేటప్పుడు
యాక్సిలరేటరు పావు వంతు దగ్గర
బండి ఒక మాట మింగింది.
ఒక్కటే. తర్వాత ఏమీ ఎరగనట్టు ఉరికింది.

తిరిగొచ్చి చెప్పేసరికి
షట్టరు సగం దించి ఉంది.
"సూది ఒక గాడి పైకెత్తాల. రేపు సూద్దాం."
పాతవి అడిగితే వినపడనట్టే ఉన్నాడు,
కుడి చెవి ఇటే ఉన్నా.
అద్దం లేని లైసెన్సు ఎగిరిపోకుండా
దాని మీద కిరసనాయిలు డబ్బా పెట్టాడు.
లోపల అవి రెండూ
ఒకదానికొకటి తగిలి
టక్కుమన్నాయి.