తడబడే గొంతు

ఎల్గూజాకు ఇప్పుడు నా మొహం లేదు.
చెవి కమ్మలున్నాయట, నెరిసిన జుట్టు అంచుందట,
నడుమ చీకటి కూడా కాదు,
తడిచేత్తో తుడిచేసిన సిరా మరక.
"త్సియాలా, నువ్వు చెంపల దాకా వచ్చావు,
మిగతాది ఇంకా దారిలో ఉందా?" అంటాడు.

ముప్పైయొక్క ఏళ్లు ఒకే బల్లకు ఇటు నేను, అటు అతను.
నేను సీసం అక్షరాలు పేర్చాను,
అతను ఎర్ర పెన్సిలుతో ప్రూఫులు దిద్దాడు.
నా చేతి తప్పును కుతాయిసీ వీధుల్లోకి పోనివ్వలేదు.
ఒక్కటే పోయింది,
ఎవరిదో చావుకబురులో ఇంటిపేరు.
ఆ ఇంటికి తనే నడిచి వెళ్లి
శవం ముందు తలవంచుకు నిలబడ్డాడు.
తప్పు పేర్చింది నేను.

మొదట తెర మీద అక్షరాలు పెంచి చూశాం.
పెంచాం, ఇంకా పెంచాం,
చివరికి ఒక్క అక్షరమే తెరంతా కూర్చుంది.
"గడపే ఇంత వెడల్పయితే ఇంట్లోకి వెళ్లేదెప్పుడు?"
అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

అందుకే ఈ శనివారం, నా వంటింట్లో,
పక్కింటి కుర్రాడి పాత లాప్‌టాప్ ముందు
గొంతుల బేరం.

మొదటిది ఖరీదైన దొరగారు.
ఏడాది అద్దె మా రెండు నెలల పింఛను.
పెద్దక్షరం వచ్చినప్పుడు గంట కొట్టమంటారా అని అడిగింది.
మా లిపిలో అందరూ ఒకే ఎత్తు, నాయనా,
నువ్వు చదువు చాలు, అన్నాను.
మా భాష ఎదురవగానే మూగబోయింది.
ముప్పైమూడు అక్షరాలూ దానికి ఖాళీ జాగాలు.

రెండోది ఆడగొంతు, తేనె.
వాక్యం చివర ఊపిరి కూడా తీసింది.
గొంతు అడుగున కప్పలా ఎగిరే మా హల్లును
ఒక్క గెంతులో దాటించింది.
ఇదే, ఇంక వెతకొద్దు, అన్నాను నేను.
అతను మాట్లాడలేదు.
ఒక వాక్యం చెప్పి కొట్టమన్నాడు,
ఒక హల్లు కావాలని రెండుసార్లు,
ఒక కామా కావాలని లేకుండా.
ఆమె ఆగలేదు.
నలిగిన దుప్పటి సర్దినట్టు సర్దేసి చదివింది.
"మర్యాదస్తురాలు," అన్నాడు,
"నాకు మర్యాదగా అబద్ధం చెబుతోంది."

మూడోది ఉచితం.
ఎక్కడెక్కడి వాళ్లో రాత్రిళ్లు కూర్చుని చేసి
ఊరికే వదిలేసిందట.
రేకుడబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టుంది.
కప్ప హల్లు దగ్గర నిజంగానే దగ్గింది.
నేను చెవులు మూసుకున్నాను.
అదే వాక్యం దానికిచ్చాను.
పంటికింద రాయి పడ్డట్టు
రెండో హల్లు దగ్గర కటుక్కున ఆగింది.
ఎల్గూజా చూపుడువేలు గాల్లోకి లేచింది,
"అక్కడ!"
పెన్సిలు లేని వేలు,
అయినా ఎర్రగానే కనిపించింది నాకు.

మీట ఏదో వేలికి తెలియాలని
ఇన్సర్ట్ మీద ఒక చుక్క జిగురు ఎండబెట్టాను.
మొదటి వారం నాలాంటి వాళ్ల వేగం.
తరువాత రోజుకో మెట్టు పెంచాడు.
ఇప్పుడది నాకు వడగళ్ల చప్పుడు.
అతను మాత్రం తల ఊపుతూ
ఆ వడగళ్లలోంచి ఊరి పేపరు ఏరుకుంటాడు,
"మూడో పేజీ, పందొమ్మిది తప్పులు,
వీళ్ల దగ్గర మనిషే లేడా?"

నిన్న జున్ను రొట్టె పొయ్యి మీదుండగా అన్నాడు,
"నా చావుకబురు ఇప్పుడే కొట్టేయ్,
దిద్దుకుంటాను.
ఇంటిపేరు జాగ్రత్త."
నవ్వు రాలేదు నాకు. కొట్టాను.
ఇంటిపేరు అక్షరం అక్షరం విన్నాడు, రెండుసార్లు.
పని చేసిన ఏళ్లు లెక్క సరిచూశాడు.
నా గురించి ఒక విశేషణం ఎక్కువైందని తీయించాడు.

తేదీ దగ్గర ఏం పెట్టాలో తెలియక
నాలుగు గీతలు పెట్టాను.
రేకు గొంతు దేన్నీ దాచదు కదా,
గీత, గీత, గీత, గీత, అని చదివింది.

ఎల్గూజా వేలు లేవలేదు.
"అది తప్పు కాదు, ఉండనీ," అని
రొట్టె మాడుతోందేమో చూడమన్నాడు.