తరుగు

మా ఊరి బోరు నీళ్ళు
చూస్తే అద్దం.
గిలాసల పోస్తే అడుగున గీత దాకా కనిపిస్తది.
తియ్యగ లేకున్నా చేదు మాత్రం కాదు.
అవే నీళ్ళు మా అమ్మ దీనమ్మ
ముప్పై ఏండ్లు తాగింది.
ఎన్నడు వంగిందో ఆమెకే ఎరుక లేదు.
ఒక ఆదివారం
పాటల పుస్తకం కోసం చెయ్యి చాపితే
అర అందలే.

మర్రిగూడ దిక్కు పుట్టినోళ్ళకు
పాస్టరు గారు పాము, పండు అని
అంత దూరం పోనక్కర లేదు.
మాకు బోరింగు చాలు.

చిన్నప్పుడు సీసాలు పట్టుకొని
పట్నం నుంచి వచ్చెటోళ్ళు,
నీళ్ళ శోధన అనెటోళ్ళు.
ప్రార్థనల గూడ ఆ మాటే ఉంటది గద,
మమ్మల్ని దాంట్లకు తేవద్దని.
ఏడేండ్ల పిలగాణ్ని, కండ్లు గట్టిగ మూసుకొని
సీసాలోళ్ళు రావద్దని మొక్కెటోణ్ని.
వాళ్ళు వస్తె గద తెలిసేది
మన నీళ్ళల్ల ఏమున్నదో.

ఇప్పుడు మిర్యాలగూడ పక్కన
వడ్ల కాంటా మీద చిట్టీలు రాస్త.
యాసంగి కోతలు. శ్రమల దినాలు.
ముప్పై మూడో రోజు ఉపాసం.
పొద్దుటి నుంచి నిమ్మకాయ నీళ్ళు తప్ప ఏం లేదు.
పొట్టు ఎగిరొచ్చి మెడ మీది చెమటకు అంటుకుంటుంది.

అప్పుడొచ్చిండు.
కొమ్ముల్లేవు. ఇస్త్రీ అంగి, జేబుల రెండు పెన్నులు,
మిల్లు గుమాస్తా వీరేశం.
“ఏం తమ్మీ, మొకం గుంజుకపోయింది, తినలేదా?”
ఆ మాట అడిగింది
ఆ రోజు అతనొక్కడే.
అదే నన్ను సగం పడేసింది.

కాంటా పళ్ళెం కింద బొటనవేలు పెట్టి
జర లేపితే చాలంట.
సంచికి కిలో.
“ఎవలకు తెలుస్తది?
మీ దేవుడు గూడ తరుగు తీస్తడు గద,
పదోవంతు?”
నవ్వొచ్చింది నాకు.
వానికి బైబిలు నా కంటె బాగ వచ్చు.

తెల్వనిది ఒకటే వానికి,
లేదా తెలిసే వచ్చిండేమో:
పోయినేడు పెట్టిన నేను ఆ వేలు.
ఒకటే రోజు. ఎనభై సంచులు.
ఆ పైసలతోని అమ్మకు వాకరు కొన్న.
దాని మీదనే ఆమె చర్చికి వస్తది.
ప్రార్థన నడుమ టక్కు టక్కుమంటది.
అందరికీ అది వాకరు చప్పుడు.
నాకు కిలో, కిలో.

ఆకలైనోనికి ఈ జిల్లాల రాళ్ళకు కొదువ లేదు.
కాంటా చుట్టు పరిచిన కంకరే చూస్తున్న,
ప్రతి రాయి గుండ్రంగ,
అప్పుడే పెనం మీది నుంచి దించినట్టు.
మోకాళ్ళ ఆపరేషనుకు లక్షా ఇరవై అన్నరు
నల్లగొండల డాక్టర్లు.
వేలు దానంతటదే చెప్పు దాటి
ముందుకు జరిగింది.

తండా నుంచి కేతావత్ లాలి సంచులొచ్చినయి.
ఆమె అంకెలు చూడదు, చదువు రాదు.
నా మొకమే చూస్తది.
“ఎంతొచ్చింది బిడ్డా?”

వచనం ఒక్కటి యాదికి రాలే.
ఇన్నేండ్లు సండే స్కూల్ల బట్టీ పట్టినయి
ఏడ పోయినయో.
చేతనైంది ఒకటే చేసిన.
“అమ్మా, నువ్వొచ్చి ఈడ నిలవడు” అన్న.
నేను నిలబడ్డ జాగల
పగిలిన మడిమలతోని ఆమె నిలవడ్డది.
నేను రెండు గజాలు అవతలికి జరిగి
అంకెలు గట్టిగ చదివిన.
హమాలీలు గూడ విన్నరు.
అంత దూరం నుంచి ఏ వేలూ అందది.

వీరేశం పెన్ను తీసిండు, మూత పెట్టిండు,
“చాయ్ చల్లారుతది తమ్మీ” అన్నడు.
పోయిండు. మళ్ళొస్తడు.
కోతలు ఇంకా పది రోజులున్నయి,
నాకు ఆకలి ఇంకా ఎక్కువ రోజులుంటది.

రాత్రి అమ్మ గంజి తాగి పండుకున్నది.
వాకరు గోడకు ఆనుకొని సప్పుడు లేకుండ ఉన్నది.
పోయినేటి రశీదు పుస్తకం తెరిచిన.
కార్బను మసక.
ఎనభై సంచులాయన పేరు సగమే కనిపిస్తుంది.
ఊరు మాత్రం చదవొస్తుంది.
బస్సు పొద్దుగాల ఆరింటికి.